తడిసిన తుపాకీతో తంటా

వరద తీశాక వీధులు కడగడం సూరత్ నేర్చుకుంది. బీరువాలో మునిగిన రివాల్వర్‌ని ఏం చేయాలన్నది మాత్రం యజమాని తెలివికే వదిలేశారు. సూరత్‌లోనే కాదు, విజయవాడలోనూ అంతే.

అది 2006 ఆగస్టు రెండో వారం. ఎగువన కురిసిన వానలకు తపతి నది పొంగింది. సూరత్‌కు దాదాపు 100 కిలోమీటర్ల ఎగువన ఉన్న ఉకాయ్ జలాశయం నిండుకుండయింది. గేట్లెత్తి ఒక దశలో 9 లక్షల క్యూసెక్కుల దాకా వదిలారు. అదే సమయానికి సముద్రం పోటు మీద ఉంది. కిందికి పోవాల్సిన నీరు వెనక్కి తన్నింది. నగరంలో ముప్పాతిక వంతుకు పైగా మునిగిపోయింది. అడాజణ్, రాందేర్ లాంటి చోట్ల జనం మేడలెక్కి రోజుల తరబడి పాలకు, మంచినీళ్లకు ఎదురుచూశారు. వందకు పైగా ప్రాణాలు పోయాయి.

నీరు తీశాక సూరత్ తేరుకున్న తీరు దేశాన్ని ఆశ్చర్యపరిచింది. 1994లో ప్లేగు భయంతో లక్షల మంది పారిపోయిన ఊరు ఇది. ఆ మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తడాన్ని ఒక క్రమశిక్షణగా మార్చారు. ఆ అలవాటు 2006లో అక్కరకొచ్చింది. బురద ఎత్తడం, మందు చల్లడం, నీళ్లలో క్లోరిన్ కలపడం ఏ వరుసలో జరగాలో నగరపాలక సిబ్బందికి తెలుసు. మరమగ్గాల షెడ్లలో పనివాళ్లకూ ఒక వరుస తెలుసు. మోటారు విప్పి ఆరబెట్టాలి, పళ్ల చక్రాలకు పట్టిన బురద కడగాలి, నూనె పట్టించాలి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వెళ్లి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు నేతగాళ్లకు ఇది వెన్నతో పెట్టిన విద్య.

వరుస తెలియకుండా పోయిన వస్తువు మరొకటుంది. అది లైసెన్సు తుపాకీ. సూరత్ వజ్రాల ఊరు. మహీధర్‌పురా, వరాఛా వీధుల్లో చిన్న కాగితం పొట్లాల్లో లక్షల రూపాయల సరుకు చేతులు మారుతుంది. అంగడియాలు డబ్బు, వజ్రాలు మోసుకుని రాత్రి రైళ్లలో తిరుగుతారు. రింగు రోడ్డు జౌళి మార్కెట్లలో నగదు ప్రవాహం సరేసరి. బ్యాంకు కాపలాదారు భుజాన 12 బోరు తుపాకీ, వ్యాపారి సొరుగులో .32 రివాల్వర్ ఉండటం అక్కడ వింతేమీ కాదు. ఊళ్లో ముప్పాతిక వంతు మునిగినప్పుడు ఆ సొరుగులూ మునగక తప్పదు. పాడైన చీరల బేళ్లకు బీమా కంపెనీలు లెక్క కట్టాయి. తడిసిన తుపాకీ గురించి మాట్లాడుకున్న వాళ్లు తక్కువ. మాట్లాడుకోకపోవడానికి కారణమూ ఉంది. తన దగ్గర ఆయుధం ఉందని నలుగురికీ తెలియడం ఏ యజమానికీ ఇష్టం ఉండదు. దాంతో అది తుడుపుకు గురై తిరిగి సొరుగులోకే చేరుతుంది. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

నీరు, గాలి, ఉప్పు

తుపాకీకి నీరు తగలగానే కొంప మునిగిపోదు. సైనికులు వాగులు దాటుతారు, పోలీసులు వానలో కాపలా కాస్తారు. వాళ్ల ఆయుధాలు అందుకు తగ్గట్టే తయారవుతాయి. వానలో తడవడం వేరు, మూడు రోజులు బురదనీటిలో నానడం వేరు.

ఇనుము తుప్పు పట్టాలంటే నీటితో పాటు ఆక్సిజన్ కూడా కావాలి. నీటి అడుగున ఆక్సిజన్ తక్కువ. అందుకే మునిగి ఉన్నంతసేపు తుప్పు నెమ్మదిగా సాగుతుంది. బయటికి తీసిన క్షణం నుంచి తడి లోహానికి గాలి పుష్కలంగా అందుతుంది. అప్పుడు గంటల్లోనే ఎర్రటి పొడి కనిపిస్తుంది. నీళ్లలోంచి తీశాం కాబట్టి గండం గడిచిందనుకోవడం పెద్ద పొరపాటు. గడియారం తిరగడం మొదలయ్యేది అప్పుడే.

సూరత్ నీటికి ఇంకో గుణముంది. అది వట్టి నదీజలం కాదు. సముద్రపు పోటుతో ఎదురొచ్చే ఉప్పు, మురుగు కాలువల మలినం, అద్దకం మిల్లుల రసాయనాలు అందులో కలుస్తాయి. ఉప్పులోని క్లోరైడ్ ఉక్కుకు బద్ధశత్రువు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దానిపై క్రోమియం కట్టే కంటికి కనపడని పొర. క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా చీల్చి సూది గుచ్చినట్టు గుంటలు చేస్తుంది. 'మనది స్టెయిన్‌లెస్, ఏమీ కాదు' అన్న ధీమా పనికిరాదు. నల్లగా నిగనిగలాడే మామూలు ఉక్కు తుపాకీ పరిస్థితి మరీ సున్నితం. ఆ నలుపు రంగు కాదు, అదీ ఒక రకం ఇనుప ఆక్సైడే. దాని పని నూనెను పట్టి ఉంచడం. నూనె కొట్టుకుపోతే ఆ పొర తనంతట తాను కాపాడేది స్వల్పం. పిడి ప్లాస్టిక్‌తో చేసిన ఆధునిక పిస్టళ్లకూ లోపల స్ప్రింగులు, సూది, గొట్టం ఉక్కువే.

తుప్పు కేవలం అందం చెడగొట్టే మచ్చ కాదు. అది తాను తిన్న ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది. వెంట్రుకవాసి సందుల్లో కదలాల్సిన భాగాలు అక్కడే బిగుసుకుపోతాయి. పిస్టల్‌లో తూటా వెనక కొట్టే సూది ముందుకు పొడుచుకొచ్చి ఇరుక్కుపోతే, స్లైడ్ మూసుకోగానే ట్రిగ్గర్ తాకకుండానే తూటా పేలవచ్చు. రివాల్వర్‌లో సుత్తి, స్ప్రింగు ఉండే పక్క పలక వెనక నీరు చేరితే వారాల తరబడి అక్కడే ఉంటుంది. బయటికి మెరుస్తున్న తుపాకీ లోపల కుళ్లుతూ ఉంటుంది. చెక్క పిడి సంగతీ అంతే. అది ఉబ్బి, చెమ్మను ఉక్కుకు అతికించి పెడుతుంది. తోలు ఒర ఇంకా ప్రమాదకరం. తడి తోలులో నీటితో పాటు దాన్ని పదును చేసిన లవణాలూ ఉంటాయి.

ముందు చేయాల్సింది

తుపాకీ నీళ్లలోంచి తీసినా, నిప్పుల్లోంచి తీసినా మొదటి సూత్రం మారదు. అది నిండి ఉందనే భావించాలి. మొన మనిషి వైపు, పక్కింటి గోడ వైపు తిరగకూడదు. వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు. పిస్టల్ అయితే ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడ్ లాగి గదిలో ఉన్న తూటా బయటికి రప్పించాలి. ఈ వరుస తారుమారైతే కొత్త తూటా గదిలోకి ఎక్కుతుంది. రివాల్వర్ అయితే సిలిండర్ తెరిచి అన్ని గళ్లూ ఖాళీ చేయాలి. తర్వాత కంటితో చూడాలి, వేలితో తడమాలి. బురద పట్టిన గదిలో తూటా ఉన్నదీ లేనిదీ కంటికి తెలియకపోవచ్చు.

స్లైడ్ కదలకపోతే, సిలిండర్ తెరుచుకోకపోతే యజమాని పని అక్కడితో ఆపేయాలి. రాయితో తట్టడం, పట్టకారుతో లాగడం, వేడి చేయడం ఆత్మహత్యతో సమానం. దాన్ని సురక్షితమైన దిక్కుకు మొన పెట్టి ఉంచి, పోలీసులకు కబురు చేసి, ఆయుధాలు తెలిసిన ఆర్మరర్‌ను పిలిపించుకోవాలి. నిండిన తుపాకీని సంచిలో వేసుకుని ఆటోలో బయల్దేరడం తనకూ, డ్రైవరుకూ ముప్పే.

ఖాళీ అయిన తుపాకీ విషయంలో మాత్రం ఆలస్యం అమృతం విషం. ఆశ్చర్యంగా తోచినా, మురికినీటిలో నానిన తుపాకీని ముందు మంచినీటితో కడగాలి. ఉప్పు, ఇసుక, మురుగు పోకుండా నూనె పోస్తే అవన్నీ నూనె కింద భద్రంగా ఉండిపోతాయి. తయారీదారు పుస్తకంలో యజమాని విప్పవచ్చని చెప్పిన భాగాల వరకే విప్పాలి. పిడి పలకలు తీయవచ్చు. స్ప్రింగుల అరలు తెరవడం ఆర్మరర్ పని. కడిగాక పొడి నూలు గుడ్డతో తుడిచి, గొట్టంలో పుల్‌త్రూ లాగి, నీడలో గాలికి ఆరనివ్వాలి. జుట్టు ఆరబెట్టే మిషన్ తక్కువ వేడిలో వాడవచ్చు. పొయ్యి మీద, ఎర్రటి ఎండలో పెట్టకూడదు.

సందుల్లో మిగిలిన నీటిని తోసేయడానికి ప్రత్యేకమైన నూనెలున్నాయి. ఇంటింటా తెలిసిన డబ్ల్యూడీ-40 పేరులోనే ఆ పని దాగుంది. 1953లో అమెరికాలోని శాన్‌డియేగోలో ఒక చిన్న కంపెనీ క్షిపణుల తొడుగు తుప్పు పట్టకుండా నీటిని తరిమే ద్రవం కోసం వెతికింది. నలభయ్యో ప్రయత్నం ఫలించింది. అయితే అది నీటిని తరుముతుందే తప్ప ఏళ్ల తరబడి కందెనగా నిలవదు. దాన్ని తుడిచేసి పలచటి తుపాకీ నూనె పూయాలి. నూనె ఎక్కువైనా చేటే, అది దుమ్మును పట్టి జిగురవుతుంది. కొబ్బరినూనె, ఆవనూనె రాసే అలవాటు మన దగ్గర పాతదే. వంటనూనెలు గాలికి చిక్కబడి జిడ్డు కడతాయి. సూది కదిలే అరలో ఆ జిడ్డు చేరితే అవసరమైన క్షణంలో తుపాకీ మూగబోతుంది.

పని ఒక్క రోజుతో తీరదు. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత మళ్లీ తీసి చూడాలి. తెల్ల గుడ్డతో తుడిస్తే ఎర్ర మరక కనపడితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. సూరత్ లాంటి తీరప్రాంత నగరంలో వానాకాలమంతా గాలిలో తేమ ఎక్కువ. తేమ 60 శాతం దాటితే ఉక్కుకు తుప్పు వేగం పుంజుకుంటుంది. అంటే వరద లేని ఏడాది కూడా జులై, ఆగస్టుల్లో సొరుగులోని తుపాకీ నీళ్లు తాగుతూనే ఉంటుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయడం, ఒరలోంచి తీసి విడిగా ఉంచడం పెద్ద ఖర్చున్న పనులు కావు.

తడి తూటాను నమ్మొద్దు

తుపాకీని బాగుచేయవచ్చు, తూటాను మాత్రం బాగుచేయలేం. సైన్యం వాడే తూటాలకు ప్రైమర్ చుట్టూ, బుల్లెట్ మొదలు చుట్టూ లక్క లాంటి పూత వేసి మూస్తారు. పౌరులకు దొరికే సరుకులో అన్నిటికీ అంత పక్కా మూత ఉండదు. మూడు రోజులు నానిన తూటాలోకి చెమ్మ చేరిందో లేదో పైనుంచి చూసి చెప్పే విద్య ఏదీ లేదు. ఇత్తడికి పట్టిన పచ్చని చిలుము ఒక సూచన. చిలుము లేనంత మాత్రాన లోపల పొడిగా ఉందని అర్థం కాదు. తూటాలపై నూనె చల్లడం ఇంకా తప్పు. నీరు దూరని సందులో నూనె దూరి ప్రైమర్‌ను చంపేస్తుంది.

తడి తూటా పేలకపోవడమే జరిగితే అది అదృష్టం. రెండో రకం గండం ఆలస్యంగా పేలడం. ట్రిగ్గర్ నొక్కినప్పుడు 'టిక్' అని ఊరుకుని, క్షణం తర్వాత ఢాం అనవచ్చు. అందుకే పేలని తూటా ఎదురైతే మొనను సురక్షితమైన దిక్కుకే ఉంచి కనీసం అర నిమిషం కదలకుండా ఉండాలని శిక్షణలో చెబుతారు. మూడోది అన్నిటి కంటే ఘోరం. మందు సగం తడిసి సగం కాలితే బుల్లెట్ గొట్టంలో సగం దూరం పోయి ఆగిపోతుంది. చప్పుడు తక్కువగా వచ్చిందని గమనించని మనిషి రెండోసారి కాలుస్తాడు. ముందు బుల్లెట్‌ను వెనక బుల్లెట్ గుద్దుతుంది. గొట్టం చీలుతుంది, పిడి పట్టిన చెయ్యి నలుగుతుంది.

గొట్టంలో నీరు, బురద ఉన్నా ఇదే జరుగుతుంది. నీరు నొక్కితే కుదించుకుపోయే పదార్థం కాదు. .32 రివాల్వర్ తూటా పేలినప్పుడు గదిలో పుట్టే పీడనం చదరపు అంగుళానికి 15,000 పౌండ్ల వరకూ ఉంటుంది. 9 ఎంఎం పిస్టల్‌లో అది 35,000 దాకా పోతుంది. కారు టైరులో ఉండేది 30 పౌండ్ల చిల్లర. అంత ఒత్తిడికి ఎదురుగా నీటి దిమ్మ అడ్డు నిలిస్తే బలి అయ్యేది గొట్టమే. అందుకే సైనికులు వాగు దాటగానే మొన కిందికి వంచి, గదిని కొద్దిగా తెరిచి నీరు కారనిస్తారు. సన్నని గొట్టంలో నీరు తనంతట తాను కారదు, తలతన్యత దాన్ని పట్టి ఉంచుతుంది. గది తెరిస్తే వెనక నుంచి గాలి దూరి నీటిని తోస్తుంది.

తడిసిన తూటాలను చెత్తబుట్టలో వేయడం, నదిలో పారేయడం కుదరదు. ప్రతి తూటాకూ లైసెన్సు పుస్తకంలో లెక్క ఉంటుంది. వాటిని పోలీసులకు తెలియజేసి లైసెన్సున్న డీలరు ద్వారానో, పోలీసుల ద్వారానో వదిలించుకోవాలి. ఖరీదైన సరుకు కదా అని ఎండబెట్టి మళ్లీ నింపుకునేవాళ్లున్నారు. ప్రాణం కోసం కొన్న వస్తువు దగ్గర పిసినారితనం చూపడం వింతే.

బాగుచేసేది ఎవరు?

సూరత్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా తుప్పు పట్టిన ఇనుమును బాగుచేసే చేతులకు కొదవ లేదు. లేత్ మిషన్ మీద ఏదైనా చేసిపెట్టే మేస్త్రీ వీధికొకరు. తుపాకీని ఆయన చేతిలో పెట్టడం మాత్రం నేరం. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీల తయారీ, అమ్మకంతో పాటు మరమ్మతుకూ లైసెన్సు కావాలి. 2019 సవరణ ఈ నేరానికి శిక్షలు పెంచింది. అదే సవరణ ఒక మనిషి ఉంచుకోగల తుపాకీల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

గడువు పెరగడం యజమానికి సౌకర్యమే. అయితే లైసెన్సు పునరుద్ధరణ ఆ తుపాకీ స్థితిని అధికారి కంటపడేలా చేసే కొద్ది సందర్భాల్లో ఒకటి. ఐదేళ్లంటే సూరత్‌లో ఐదు వానాకాలాలు. తుపాకీ పోయినా, దొంగతనమైనా వెంటనే పోలీసులకు చెప్పాలని లైసెన్సు షరతులు చెబుతాయి. వరదలో కొట్టుకుపోయిన తుపాకీకీ ఇది వర్తిస్తుంది. నీటిలో నానిన తుపాకీని ఎవరికి చూపించాలి, ఎన్నాళ్లలోగా చూపించాలి అన్నది మాత్రం ఆచరణలో యజమాని ఇష్టం. 2016 నాటి ఆయుధాల నియమావళి కొత్తగా లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణను ముందుకు తెచ్చింది. అంతకు ముందే లైసెన్సులు పొందిన తరానికి తుపాకీ ఎలా తెరవాలో దుకాణదారు ఐదు నిమిషాల్లో చూపించిందే విద్య.

పౌరుడికి దొరికే చేతి తుపాకులు చాలా వరకు ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారైనవే. .32 బోరు రివాల్వర్‌కు కాన్పూర్ పుట్టిల్లు. 2014లో మహిళల కోసమంటూ వచ్చిన నిర్భీక్ కూడా అక్కడిదే. 9 ఎంఎం లాంటి నిషిద్ధ బోర్లు మామూలు పౌరుడికి అందవు. కొత్తవి ఖరీదు, దిగుమతులు దాదాపు మూసుకుపోయాయి. అందువల్ల తాతల నాటి విదేశీ రివాల్వర్లు వారసత్వంగా చేతులు మారుతూనే ఉన్నాయి. వాటికి విడిభాగాలు దొరకవు. నీళ్లలో నానిన పాత స్ప్రింగు విరిగితే ఆ తుపాకీ గోడకు వేలాడదీయడానికి తప్ప పనికిరాదు.

ఠాణాలో తుప్పు

యజమాని జాగ్రత్తపరుడైనా అతడి చేతిలో లేని కాలం ఒకటుంది. ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో జమ చేయమని ఆదేశాలొస్తాయి. లైసెన్సు గడువు తీరినా, రద్దయినా 21వ సెక్షన్ కింద జమ చేయాల్సిందే. వారసత్వ వివాదాల్లో చిక్కిన తుపాకులు ఏళ్ల తరబడి ఠాణా గదిలోనే ఉండిపోతాయి. చాలా ఊళ్లలో ఆ గది నేల అంతస్తులోనే ఉంటుంది. కేసుల్లో స్వాధీనం చేసుకున్న నాటు తుపాకులూ, తపంచాలూ అక్కడే ఉంటాయి.

నేరం కేసులో తుపాకీకి తుప్పు పట్టడమంటే సాక్షికి మతిమరుపు రావడమే. గొట్టం లోపలి గాడులు బుల్లెట్ మీద వదిలే సన్నని గీతలే ఫోరెన్సిక్ నిపుణుడికి ఆధారం. తుప్పు ఆ గాడులను తింటే ఈ బుల్లెట్ ఆ తుపాకీలోంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. చెరువులోనో, కాలువలోనో విసిరేసిన తుపాకీ దొరికినప్పుడు దాన్ని తుడిచి నూనె రాయకూడదని, ఏ నీటిలో దొరికిందో ఆ నీటిలోనే ఉంచి ప్రయోగశాలకు పంపాలని నేర పరిశోధన పాఠాలు చెప్పేది అందుకే. నీటిలో ఉన్నంతసేపు తుప్పు నెమ్మదిస్తుందన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. యజమాని తన తుపాకీని వెంటనే కడగాలి, పోలీసు మాత్రం సాక్ష్యాన్ని కడగకూడదు. ఈ తేడా తెలియని చేతుల్లో రెండూ పాడవుతాయి.

ప్రభుత్వం చేతిలోని తుపాకుల సంగతి అమెరికాలో కోర్టుకెక్కింది. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌లో 80 శాతం ప్రాంతాన్ని ముంచింది. శాంతిభద్రతల పేరుతో పోలీసులు పౌరుల నుంచి వెయ్యికి పైగా తుపాకులు పట్టుకెళ్లారు. యజమానుల సంఘాలు దావా వేశాయి. అలాంటివేవీ తమ దగ్గర లేవని బుకాయించిన నగర యంత్రాంగం 2006లో ఉన్నాయని ఒప్పుకుంది. తిరిగొచ్చిన వాటిలో చాలా వాటిని తుప్పు తినేసింది. విపత్తు వేళ చట్టబద్ధమైన తుపాకులను లాక్కోరాదని అమెరికా కాంగ్రెస్ అదే ఏడాది చట్టం చేసింది. తుపాకీ హక్కు గురించి అక్కడి వాదన మనకు వర్తించదు. మన దగ్గర తుపాకీ రాయితీయే తప్ప హక్కు కాదు. అయినా ఇంకొకరి వస్తువును జమ చేసుకున్నవాడు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా తిరిగివ్వాలన్న నీతికి దేశాల ఎల్లలు లేవు.

మన వరదలు

సూరత్ కథ విని ఊరుకునే తీరిక తెలుగు నేలకు లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. ముఠా కక్షల చరిత్ర మోసిన ఆ జిల్లాలో ఆత్మరక్షణ లైసెన్సులు కొత్త కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చిపడింది. ఆ మర్నాటికి ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. రోజుల తరబడి నడుములోతు నీటిలో ఉన్న కాలనీల్లో నగల దుకాణాలున్నాయి, బ్యాంకులున్నాయి, కాపలాదారులున్నారు. తపతి గట్లను ఎత్తు చేసిన తర్వాత కూడా సూరత్‌కు వాగుల బెడద తీరలేదు. లింబాయత్, పర్వత్ పాటియా ప్రాంతాల్లో మీఠీ ఖాడీ 2024 జులైలో, 2025 జూన్‌లో మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. తెలుగు నేతగాళ్లు ఎక్కువగా ఉండే పల్లపు వీధులవే.

నీటికీ, తుపాకీకీ మధ్య తెలుగువారి జ్ఞాపకంలో అన్నిటికంటే చేదైనది బలిమెల. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో లాంచీ మీద వస్తున్న గ్రేహౌండ్స్ దళంపై మావోయిస్టులు గట్ల మీద నుంచి కాల్పులు జరిపారు. లాంచీ మునిగి 38 మంది చనిపోయారు. మృతదేహాల కోసం గజ ఈతగాళ్లు రోజుల తరబడి గాలించారు. వీపున సంచులు, చేతిలో ఆయుధాలు ఉన్న మనుషులకు లోతు నీరు ఎంత కర్కశమో ఆ రోజు తెలిసింది. అక్కడ తుపాకీ తుప్పు ప్రశ్నే కాదు. ఆయుధం మోసే మనిషికి నీటిలో దాన్ని ఎప్పుడు వదిలేయాలో కూడా శిక్షణలో భాగం కావాలన్నది ఆ ఘటన నేర్పిన పాఠం. ఇంట్లో రివాల్వర్ ఉన్న పౌరుడికీ అది వర్తిస్తుంది. ఛాతీలోతు నీటిలో సొరుగు తెరవడానికి వెనక్కి వెళ్లదగినంత విలువ ఏ తుపాకీకీ లేదు.

చేయదగ్గవి

ఇందుకు కొత్త చట్టాలు అక్కర్లేదు. ఉన్న యంత్రాంగంతోనే నాలుగు పనులు చేయవచ్చు. వరద ముంపు పటంలో ఉన్న పోలీసు స్టేషన్లలో జమ తుపాకులను పై అంతస్తుకు మార్చడం మొదటిది. తుపాకీ జమ చేసుకునేటప్పుడు దాని స్థితిని రసీదు మీద రాయడం రెండోది. అప్పుడు తుప్పు ఎవరి ఖాతాలోనిదో తేలుతుంది. వరద తగ్గిన రెండు మూడు రోజుల్లోగా ఆర్మ్‌డ్ రిజర్వ్ ఆర్మరర్లతో ఒక తనిఖీ శిబిరం పెట్టడం మూడోది. తడిసిన తుపాకీ తెచ్చినవాడిని దోషిలా నిలదీయకుండా, విప్పి చూసి, పనికొస్తుందో లేదో చెప్పి పంపాలి. తడి తూటాలను అక్కడే అప్పగించుకుని లైసెన్సు పుస్తకంలో కొట్టివేయాలి. సూరత్ లాంటి నగరంలో లైసెన్సులిచ్చేది పోలీసు కమిషనరే. ఏ వీధిలో ఎన్ని ఆయుధాలున్నాయో ఆ కార్యాలయానికి తెలుసు. ఒక్క సంక్షిప్త సందేశం పంపితే సరిపోతుంది. నాలుగోది ప్రైవేటు సెక్యూరిటీ సంస్థల పని. తుపాకీ కాపలాదారుడి సొంత లైసెన్సు మీద ఉన్నా, అది కాపాడేది యజమాని సొమ్మునే. దాన్ని విప్పి చూపించడానికయ్యే కూలీ ఆ కాపలాదారు జీతంలోంచి పోకూడదు.

మిగిలింది యజమాని బాధ్యత. ఉకాయ్ గేట్లు ఎత్తారన్న వార్తకూ, నీరు సూరత్ వీధుల్లోకి రావడానికీ మధ్య కొన్ని గంటల వ్యవధి ఉంటుంది. ఆ గంటల్లో జనం బియ్యం, దస్తావేజులు, టీవీ మేడ మీదికి చేరుస్తారు. ఆ జాబితాలో తుపాకీ, తూటాలు మొదటి వరుసలో ఉండాలి. పొడి డబ్బాలో, విడివిడిగా, తాళం వేసి. అలా చేర్చలేకపోతే, వరద తగ్గాక ఇంట్లో మళ్లీ వాడకంలోకి తెచ్చే వస్తువుల్లో అది చిట్టచివరిది కావాలి, అదీ ఆర్మరర్ చూసి సరేనన్నాకే.